పాత చేపల బోట్లకు తుపాను బీమా: శ్రీకాకుళం, విజయనగరం తీరం

నిర్వచనం, పరిధి

చేపల వేటకు వాడే బోటుకు, దాని ఇంజనుకు, విడిగా చేర్పించుకుంటే వలలకు సముద్రం వల్ల వచ్చే నష్టాన్ని ప్రీమియం పుచ్చుకొని భరించే ఒప్పందమే చేపల బోటు బీమా. బీమా సంస్థలు దీన్ని హల్ (పడవ దేహం) బీమా కింద లెక్కిస్తాయి. మన దేశంలో దీనికి ఆధారం 1963 నాటి సముద్ర బీమా చట్టం. మనుషులకు వర్తించే ప్రమాద బీమా వేరు, చేపల చెరువుల బీమా వేరు. తీర గ్రామాల్లో ఈ మూడూ తరచు కలగలిసిపోతాయి. ప్రమాద బీమా కార్డు చేతిలో ఉన్న కుటుంబం బోటుకూ బీమా ఉన్నట్టే అనుకుంటుంది. తేడా తెలిసేది తుపాను వెళ్లాకే.

ఇన్నేళ్లు దాటితే పాత బోటు అని చట్టం ఎక్కడా గీత గీయలేదు. ఆ గీత ఆయా బీమా సంస్థల నిబంధనల్లో ఉంటుంది. ఆచరణలో బ్యాంకు అప్పు తీరిపోయిన బోటు, చేతులు మారిన బోటు, కట్టినప్పటి బిల్లు దొరకని బోటు పాతవాటి కిందికి వస్తాయి. ఉత్తరాంధ్ర తీరంలో వేటకు వెళ్లే పడవల్లో ఇలాంటివి సర్వసాధారణం.

తీరం, తుపానులు

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే పొడవైన జిల్లా తీరం. విజయనగరం జిల్లా తీరం 28 కిలోమీటర్లే. పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లోని చింతపల్లి, కోనాడ, ముక్కాం వంటి ఊళ్లు దాని మీద ఉన్నాయి. ఇంత తీరానికీ బోట్లు కట్టేసుకునే ఫిషింగ్ హార్బర్ చాలాకాలం ఒక్కటీ లేదు. ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో నిర్మాణం ఆలస్యంగా చేపట్టారు. అందువల్ల పెద్ద మరబోట్లు విశాఖపట్నం హార్బరులో ఉంటాయి. మిగిలినవన్నీ ఇసుక మీదికి లాగి పెట్టుకునే పడవలు. వంశధార కలిసే కళింగపట్నం, మహేంద్రతనయ కలిసే బారువ వంటి నదీ ముఖాలు కొంత ఆశ్రయం ఇచ్చినా, ఇసుక మేటలు వేసినప్పుడు ఆ దారీ మూసుకుపోతుంది.

ఇక్కడి పెద్ద తుపానులు దాదాపు ఒకే వారానికి కట్టుబడినట్టు వచ్చాయి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ప్రాంతాలను దెబ్బతీసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటి విజయనగరం తీరాన్ని ఊడ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు, విసురుగా వీచినప్పుడు 165. గులాబ్ మాత్రం కాస్త ముందుగా, 2021 సెప్టెంబరు 26 సాయంత్రం కళింగపట్నానికి సుమారు 20 కిలోమీటర్ల ఉత్తరాన తీరం దాటింది. పాలసీ గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో తేల్చుకోవడానికి ఈ తేదీలు చాలు. సెప్టెంబరులో గడువు ముగిసే పాలసీని పునరుద్ధరించడం ఒక్క నెల ఆలస్యమైతే, రక్షణ లేకుండా పోయేది ఏడాది మొత్తంలో అతి ప్రమాదకరమైన నెలకే. తుపాను హెచ్చరిక వెలువడ్డాక కొత్త హల్ పాలసీలు ఇవ్వడం బీమా సంస్థలు సాధారణంగా ఆపేస్తాయి.

చరిత్ర

కొబ్బరి పీచుతో పలకలను కుట్టి కట్టిన మసూలా పడవలు, దుంగలు జోడించిన తెప్పలు ఈ తీరాన తరాల పాటు నడిచాయి. వాటికి బీమా అనే ఊహే లేదు. తెప్ప పోతే మళ్లీ దుంగలు తెచ్చుకొని కట్టుకునేవారు. నష్టాన్ని బంధువులు, ఊరి పెద్దలు, చేపలు కొనే వ్యాపారి ఇచ్చే బయానా కలిసి పంచుకునేవి. 1973లో సాధారణ బీమా జాతీయమై 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా (న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా) కుదించుకున్నాక, బ్యాంకు అప్పుతో కొన్న మరబోట్ల వెంట బీమా తీరానికి చేరింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మొదలుపెట్టిన బంగాళాఖాత కార్యక్రమం ఒడ్డుకు లాగడానికి వీలైన కొత్త నమూనా పడవలను ప్రయోగించింది. 2004 సునామీ తరవాత ఫైబర్ పడవలు వేగంగా వ్యాపించాయి. పడవ ఖరీదు వేలల్లోంచి లక్షల్లోకి పెరిగింది. బంధువులూ బయానాలూ మోయగలిగిన నష్టం కాదది.

బీమా ఎప్పుడూ అప్పు వెంటే నడిచింది. కిస్తీలు ఉన్నన్నాళ్లు బ్యాంకే ప్రీమియం కట్టించింది, పాలసీలో తన పేరు రాయించుకుంది. అప్పు తీరిన ఏడాదే చాలా బోట్ల బీమా ఆగిపోయింది. బోటు పాతబడి దెబ్బ తగిలే అవకాశం పెరిగే సమయమూ అదే. పాత బోట్ల బీమా సమస్యకు వేరు ఇక్కడే ఉంది.

బోట్లు, అవి పాతబడే తీరు

మత్స్యశాఖ లెక్కల్లో పడవలు మూడు రకాలు: ఇంజను లేని సంప్రదాయ పడవలు, బయట ఇంజను తగిలించిన మోటారు పడవలు, లోపలే ఇంజను ఉండి వలను యంత్రంతో లాగే మరబోట్లు. ఈ రెండు జిల్లాల ఊళ్లలో ఎక్కువగా కనిపించేది రెండో రకం. జనం దాన్ని ఫైబర్ బోటు అనో, ఫైబర్ తెప్ప అనో పిలుస్తారు.

చెక్క బోటును నీటిలో తొలిచే పురుగు తింటుంది, పలకల సందులు విడతాయి, మేకులు తుప్పు పడతాయి. ఫైబర్ బోటుకు పురుగు బెడద లేదు. కానీ రోజూ ఇసుక మీద ఈడ్చడం వల్ల అడుగు భాగం అరుగుతుంది. పగుళ్లలోంచి నీరు పొరల మధ్యకు చేరి బోటు లోలోపల బలహీనపడుతుంది. పైన రంగు వేస్తే ఈ లోపం కంటికి కనిపించదు. అందుకే బీమా సర్వేయరు పాత ఫైబర్ బోటు అడుగును తట్టి, ఆ చప్పుడును బట్టి అంచనా వేస్తాడు. ఇంజను వయసును బోటు వయసుతో కలిపి చూడకూడదు: పదేళ్ల బోటుకు రెండేళ్ల ఇంజను ఉండవచ్చు, దాని బిల్లు ఉంటే విడిగా విలువ కట్టించుకోవచ్చు.

విలువ కట్టడం

పాత బోటు బీమాలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె బీమా మొత్తం. చట్టం రెండు దారులు చూపుతుంది. పాలసీ రాసేటప్పుడే ఇరుపక్షాలూ ఒప్పుకొని విలువ నిర్ణయించేది అంగీకృత విలువ పాలసీ. మోసం లేనంతవరకు ఆ అంకెను తరవాత తిరగదోడడానికి వీల్లేదు. విలువ ముందుగా తేల్చనిది రెండో రకం. ఇందులో ప్రీమియం తగ్గుతుందని బోటును తక్కువకు రాయిస్తే, తేడా మేరకు యజమానే తన నష్టానికి బీమాదారు అవుతాడు. ఉదాహరణకు 4 లక్షల రూపాయల విలువైన బోటును 2 లక్షలకు రాయిస్తే, తుపానులో లక్ష రూపాయల మరమ్మతు వచ్చినప్పుడు అందేది 50 వేలే, అందులోంచి ఎక్సెస్ కూడా పోతుంది. యజమాని మొదట భరించాల్సిన మొత్తాన్ని బీమా రంగంలో ఎక్సెస్ అంటారు.

పాక్షిక నష్టానికి మరమ్మతు ఖర్చులోంచి ఆచారంగా వస్తున్న తగ్గింపులను చట్టం అనుమతిస్తుంది. పాత పలక తీసి కొత్త పలక వేస్తే బోటు విలువ పెరిగిందన్న లెక్కతో కొంత కోస్తారు. పాత బోటుకు ఈ కోత పెద్దది. అందువల్ల పాత బోటు యజమాని ఎదుట నిజంగా ఉండే ఎంపిక ఇది: పాక్షిక నష్టాలకూ వర్తించే ఖరీదైన పాలసీయా, బోటు పూర్తిగా పోయినప్పుడే డబ్బిచ్చే చౌక పాలసీయా. చిన్న మరమ్మతును సొంత చేతులతో చేసుకోగల మత్స్యకారుడికి రెండోదే ఎక్కువసార్లు సరిపోతుంది. మరమ్మతు ఖర్చు బోటు విలువను మించితే దాన్నీ పూర్తి నష్టంగానే పరిగణించడానికి చట్టంలో వీలుంది.

ఒడ్డున ఉన్న బోటు

హల్ బీమా సముద్రం మీద తిరిగే ఓడల కోసం పుట్టింది. ఉత్తరాంధ్రలో తుపాను దెబ్బ ఎక్కువగా తగిలేది సముద్రంలో ఉన్న బోటుకు కాదు. హెచ్చరికలు రోజుల ముందే అందుతున్నాయి, మత్స్యకారులు తిరిగి వచ్చేస్తున్నారు, బోట్లను ఒడ్డుకు లాగుతున్నారు. ఆ ఒడ్డు మీదికే ఉప్పెన నీరు వచ్చి బోట్లను ఎత్తి ఒకదాని మీద ఒకటి పడేస్తుంది, చెట్లు కూలుతాయి, ఇసుక కింద వలలు కూరుకుపోతాయి. కాబట్టి ఈ ప్రాంతంలో పాలసీ చదివేటప్పుడు మొదట వెదకవలసిన మాట, ఒడ్డుకు లాగి ఉంచిన సమయంలో కూడా రక్షణ ఉందా అన్నది. గాలి, వరద, ఉప్పెన అన్న మూడు కారణాలూ పేరుపేరునా ఉన్నాయో లేదో చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో బోటు ఒడ్డునే ఉంటుంది. ఆ కాలానికి కొంత ప్రీమియం వాపసు ఇచ్చే షరతు ఉంటే అది యజమానికి లాభం, ఆ రోజుల్లో రక్షణే ఆగిపోయే షరతైతే నష్టం.

వలల సంగతి విడిగా చెప్పుకోవాలి. నీటిలో వేసిన వల పోతే సాధారణ హల్ పాలసీలో పరిహారం ఉండదు. ఒడ్డున షెడ్డులో ఉన్న వలను ప్రత్యేకంగా చేర్పించుకోవచ్చు. చాలా కుటుంబాలకు వలల విలువ ఇంజను విలువతో పోటీ పడుతుంది.

అరుగుదల, పురుగు, సముద్రయోగ్యత

మామూలు అరుగుదలకు, వస్తువులోనే ఉన్న లోపానికి, ఎలుకలూ పురుగుల వల్ల జరిగిన నష్టానికి బీమాదారు బాధ్యుడు కాడని 1963 చట్టం చెబుతుంది. పాత బోటు క్లెయిములన్నీ చివరికి ఈ వాక్యం చుట్టూ తిరుగుతాయి. పలక విరిగింది గాలికా, అప్పటికే పురుగు తిన్నందుకా? చట్టం అడిగేది సమీప కారణం ఏమిటని. తుపానుకు ముందు బోటు ఎలా ఉందో చూపే ఆధారం లేకపోతే అనుమానం యజమాని మీదికే వస్తుంది. తేదీ కనిపించేలా తీసిన అడుగు, పక్కలు, ఇంజను ఫొటోలు, మరమ్మతు చేసిన వడ్రంగికి లేదా ఫైబర్ పనివాడికి ఇచ్చిన డబ్బు రశీదులు ఈ చోట ప్రీమియం కంటే విలువైనవి.

ఒక యాత్రకు తీసుకున్న పాలసీలో బోటు సముద్రయోగ్యంగా ఉందన్న హామీ దానంతటదే ఇమిడి ఉంటుంది. ఏడాది పాలసీలో ఆ హామీ లేదు; కానీ యజమానికి తెలిసే అయోగ్యమైన బోటును సముద్రంలోకి పంపితే, ఆ అయోగ్యత వల్ల జరిగిన నష్టానికి డబ్బు రాదు.

పత్రాలు, యాజమాన్యం

ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య వేట క్రమబద్ధీకరణ చట్టం, 1994 ప్రకారం వేట బోటుకు రిజిస్ట్రేషన్, లైసెన్సు ఉండాలి. ఇవి లేని బోటుకు బీమా దొరకదు; దొరికినా క్లెయిం నిలవదు. గ్రామ సచివాలయాల్లోని గ్రామ మత్స్య సహాయకులు ఈ పనిలో మొదటి మెట్టు.

అసలు చిక్కు యాజమాన్యంలో ఉంది. ఒక బోటు అన్నదమ్ములదో, నలుగురు వాటాదారులదో అయి, కాగితం మీద ఒక్కరి పేరే ఉంటుంది. కొన్నిటిలో చేపల వ్యాపారి పెట్టుబడీ కలిసి ఉంటుంది. నష్టం జరిగిన నాటికి బోటులో బీమా చేయదగిన హక్కు ఉన్నవారికే పరిహారం చెందుతుంది. పాత బోటు కొన్నప్పుడు పేరు మార్పించుకోకుండా అమ్మినవాడి పాలసీని నమ్ముకోవడం వృథా. కొన్న బోటును ఊరికి తెచ్చుకునే ప్రయాణం కూడా ప్రమాదమే: ఒడిశాలో కొన్న బోటును సముద్రం మీదుగా తెచ్చుకుంటూ పలాస ప్రాంత మత్స్యకారులు గులాబ్ తుపానులో చిక్కుకున్నారు, ప్రాణనష్టం జరిగింది.

ఈ జిల్లాల నుంచి వేలమంది గుజరాత్‌లోని వెరావల్, చెన్నై, పారాదీప్ బోట్లలో కూలీలుగా పనిచేస్తారు. ఆ బోట్ల హల్ బీమా యజమానిదే. కూలీకి దాని నుంచి ఏమీ రాదు. 2018 చివర్లో పాకిస్తాన్ అదుపులోకి తీసుకున్న, 2020 జనవరిలో వాఘా వద్ద విడుదలైన ఉత్తరాంధ్ర మత్స్యకారుల వంటి సందర్భాల్లో బోటు స్వాధీనం కావడం కూడా మామూలు హల్ పాలసీ పరిధిలోకి రాదు.

ప్రీమియం తగ్గించుకునే మార్గాలు

హల్ ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ ఉంది. చిన్న బోటుకు ప్రీమియం భారంగా మారడానికి గాలి ఒక్కటే కారణం కాదు; ఒక్క బోటు చూడటానికి సర్వేయరు పట్టణం నుంచి రావలసిన ఖర్చు బోటు విలువతో పోలిస్తే ఎక్కువ. ఒక ఊరి మత్స్యకార సహకార సంఘం ద్వారా యాభై బోట్లను ఒకే రోజు తనిఖీ చేయించి సామూహిక పాలసీ తీసుకుంటే ఆ ఖర్చు పంచుకుపోతుంది. అన్ని ఊళ్లలో సంఘాలు చురుగ్గా లేవన్నదే అడ్డంకి. ఎక్సెస్ ఎక్కువ ఒప్పుకోవడం, పూర్తి నష్టానికే పరిమితం కావడం మిగిలిన దారులు. ఇస్రో సాంకేతికతతో, 2024 ఆగస్టులో ప్రారంభమైన జాతీయ పథకం కింద ఉచితంగా అమరుస్తున్న ట్రాన్స్‌పాండర్లు బోటు ఎక్కడుందో చూపుతాయి; హెచ్చరిక అందిన వెంటనే తిరిగి వచ్చామని నిరూపించడానికి అవి పనికొస్తాయి.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో వేట బోట్ల బీమా ప్రీమియంలో కొంత ప్రభుత్వం భరించే అంశం ఉంది. అదే పథకంలో సంప్రదాయ మత్స్యకారులకు పాత పడవ స్థానంలో కొత్త పడవ, వలలు ఇచ్చే అంశమూ ఉంది. యూనిట్ ఖరీదు 5 లక్షల రూపాయలు, సబ్సిడీ సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం. బాగా శిథిలమైన బోటుకు బీమా కోసం తిరగడం కంటే ఈ మార్పిడికి దరఖాస్తు పెట్టడం చాలాసార్లు మేలు.

బీమా లేనప్పుడు అందే సాయం

తుపాను తరవాత బోటుకు అందేది విపత్తు సహాయ నిధి నుంచి. 2022–26 కాలపు కేంద్ర ప్రమాణాల ప్రకారం పూర్తిగా ధ్వంసమైన బోటుకు 15,000 రూపాయలు, పాక్షికంగా దెబ్బతిన్నదానికి 6,000. పూర్తిగా పోయిన వలకు 4,000, పాక్షికంగా చిరిగినదానికి 3,000. తిత్లీ నాటికి పూర్తిగా ధ్వంసమైన బోటుకు అందింది 9,600 మాత్రమే. కొత్త పడవ యూనిట్ ఖరీదును ప్రభుత్వమే 5 లక్షలుగా నిర్ణయించిందని గుర్తుచేసుకుంటే, ఈ సాయం బోటుకు పరిహారం కాదని, తక్షణ ఆసరా మాత్రమేనని స్పష్టమవుతుంది. రాష్ట్ర ప్రభుత్వాలు సందర్భాన్ని బట్టి ఎక్కువ ప్రకటిస్తాయి: 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో మంటలు చెలరేగి పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు, నష్టంలో 80 శాతం చెల్లిస్తామని ప్రకటించారు. అది ప్రభుత్వ నిర్ణయమే తప్ప బాధితుడి హక్కు కాదు. తరవాతి ప్రమాదంలో అడగడానికి దాని మీద ఆధారపడలేం.

మనిషికి మాత్రం రక్షణ మెరుగు. మత్స్య సంపద యోజన సామూహిక ప్రమాద బీమాలో మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేలు వస్తాయి. ప్రీమియం కేంద్ర, రాష్ట్రాలే కడతాయి.

క్లెయిం, వివాదాలు

బోటు దెబ్బతిన్న వెంటనే బీమా సంస్థకు, మత్స్యశాఖకు తెలియజేయాలి. సర్వేయరు చూసేదాకా శిథిలాన్ని తరలించకూడదు. మరింత నష్టం జరగకుండా ఒడ్డుకు లాగి కట్టడం మాత్రం యజమాని బాధ్యత, దానికైన సహేతుకమైన ఖర్చు కోరవచ్చు. తుపాను తరవాత రోడ్లు తెగి, ఫోన్లు పనిచేయని రోజుల్లో ఫొటోలు, గ్రామ సచివాలయం నష్టం నమోదు పత్రం ఆధారంగా నిలుస్తాయి. తిరస్కరణ అన్యాయమనిపిస్తే సంస్థలోని ఫిర్యాదుల విభాగం, ఆ తరవాత అర్హతను బట్టి హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ లేదా జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నాయి.

ఇతర ప్రాంతాల పద్ధతులు

జపాన్‌లో 1952 నాటి చట్టం కింద మత్స్యకారుల పరస్పర బీమా వ్యవస్థే బోట్లకు పూచీ పడుతుంది, ప్రభుత్వం దాని వెనుక నిలుస్తుంది. అమెరికా గల్ఫ్ తీరంలో పేరు పెట్టిన తుపానుకు ఎక్సెస్ ఎక్కువగా ఉంటుంది. ముందే బోటును నీటిలోంచి తీయించిన యజమానికి ఆ ఖర్చులో కొంత చెల్లించే పాలసీలూ ఉన్నాయి. కరీబియన్ దేశాలు గ్రెనడా, సెయింట్ లూసియా 2019లో మత్స్య రంగానికి కొలమాన ఆధారిత బీమా తీసుకున్నాయి. ఇందులో బోటును ఎవరూ తనిఖీ చేయరు. గాలి, అల, వాన ముందే ఒప్పుకున్న స్థాయి దాటితే డబ్బు వస్తుంది. 2024 జులైలో బెరిల్ తుపాను తరవాత గ్రెనడాకు అలాగే చెల్లింపు అందింది.

బోటు వయసుతో పనిలేని ఈ పద్ధతి పాత బోట్లకు ఆకర్షణీయం. దాని బలహీనత కొలిచే చోటులో ఉంది. కళింగపట్నంలో వాతావరణ కేంద్రం ఉంది కదా అని శ్రీకాకుళం తీరమంతటికీ అక్కడి గాలి వేగాన్నే గీటురాయిగా పెడితే, గులాబ్ వంటి తుపానుకు అది చాలావరకు సరిపోతుంది. తిత్లీ కళింగపట్నానికి బాగా ఉత్తరాన, పలాస వైపు తీరం దాటింది. వజ్రపుకొత్తూరు, మందస ఒడ్డున బోట్లు ముక్కలైన రాత్రి కళింగపట్నం గాలిమాపకం చూపే అంకె ఆ ఊళ్ల నష్టానికి కొలత కాదు.